చెయ్యి మారితే బొమ్మల కథలో ఏం మారుతుంది?

సంపాదకులకు నమస్కారం.

ధారావాహికంగా వచ్చే కామిక్స్‌లో చిత్రకారుడు మారిన వారం పాఠకుల నోట మొదట వచ్చే మాట "హీరో మొహం మారిపోయిందేమిటి?" అని. పత్రికల వాళ్ళు కూడా ఆ మొహం సంగతే పట్టించుకుంటారు. పాత బొమ్మలు నాలుగు కొత్త మనిషి ముందు పెట్టి, అచ్చం ఇలాగే రావాలంటారు. మొహం దాదాపు అలాగే వస్తుంది కూడా. అయినా నాలుగు వారాలయ్యేసరికి కథ చప్పబడుతుంది. ఎందుకో ఎవరికీ అంతుపట్టదు. పిల్లల పేజీల్లో, ఆదివారం అనుబంధాల్లో బొమ్మల కథలు వేసే మన పత్రికలకు ఈ సంగతి కాస్త వివరంగా చెప్పాలనిపించి ఈ ఉత్తరం.

చెయ్యి మారినప్పుడు కథకు ఎంత దెబ్బ తగులుతుందన్నది, వచ్చినవారి ప్రతిభ కన్నా వెళ్ళిపోయినవారు ఏయే పనులు చేస్తూ ఉండేవారన్న దాన్ని బట్టి ఉంటుంది. గీయడం అని ఒక్క మాటలో అనేస్తాం గానీ అందులో కనీసం నాలుగు పనులున్నాయి. ఈ పేజీలో కథ ఎంత దూరం నడవాలి, దాన్ని ఎన్ని గడులుగా విడగొట్టాలి అని తేల్చుకోవడం ఒకటి. ఒక్కో గడిలో ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎంత దగ్గరగా కనబడాలి అని కూర్చుకోవడం మరొకటి. ఆ తర్వాతే పెన్సిలు, దాని మీద సిరా. ఈ నాలుగింట్లో మొదటిది రచయిత చేతిలో ఉందా, చిత్రకారుడి చేతిలో ఉందా అని చూసుకోకుండా కొత్తవారిని తెచ్చుకుంటే దెబ్బ తినక తప్పదు.

అడవిలో ఉండే ముసుగువీరుడు ఫాంటమ్ సంగతి చూడండి. లీ ఫాక్ రాసిన ఆ స్ట్రిప్ (దినపత్రికలో రోజూ కొన్ని గడులుగా వచ్చే బొమ్మల కథ) 1936 ఫిబ్రవరి 17న అమెరికా దినపత్రికల్లో మొదలైంది. 1999లో చనిపోయేదాకా రచయిత ఆయనే. గీసేవాళ్ళు మాత్రం మారుతూ వచ్చారు. మొదట రే మూర్. ఆయన రెండో ప్రపంచ యుద్ధంలోకి వెళ్ళినప్పుడు సహాయకుడు విల్సన్ మెకాయ్ పని అందుకున్నాడు, తర్వాత అది ఆయన స్ట్రిప్పే అయింది. 1961లో మెకాయ్ పోయాక కొద్దికాలం బిల్ లిగ్నాంటె, ఆ వెంటనే సై బ్యారీ. బ్యారీ 1994 దాకా గీశాడు. మూర్ బొమ్మలో సగం గడి నీడే. అడవి చీకట్లోంచి మనిషి ఊడిపడ్డట్టు ఉంటాడు. మెకాయ్ గీత మందం, సాదా. వెనక చెట్లూ చేమలూ తక్కువ, మనుషులు బొమ్మల్లా నిటారుగా నిలబడతారు. బ్యారీ వచ్చాక కండలు, నిజమైన చెట్లు, నగరాల్లో ఆనాటి భవనాలు, కార్లు. 1964లో మొదలైన ఇంద్రజాల్ కామిక్స్‌ను ఇంగ్లీషులోనో హిందీలోనో చదివినవారు మెకాయ్‌ని, బ్యారీని ఇద్దరినీ చూసే ఉంటారు. పేర్లు తెలియకపోయినా పాత బొమ్మలు, కొత్త బొమ్మలు అని ఇట్టే తేడా పట్టేస్తారు.

ముగ్గురికీ ఒకరి గీతకు ఒకరి గీతకు పోలిక లేదు. మరి అన్ని దశాబ్దాలు ఆ స్ట్రిప్ ఎలా నిలబడింది? ఏ గడిలో ఏం జరగాలి, ఎవరు ఏమనాలి అన్నది ఫాక్ స్క్రిప్టులోనే ఉండేది. కథ నడక రచయిత దగ్గర భద్రంగా ఉంది కాబట్టి గీత మారినా నడక తప్పలేదు. ఇంకో కారణం కూడా ఉంది, ఇది చాలామంది గమనించరు. ఫాంటమ్ ముసుగు తీసిన మొహాన్ని పాఠకుడికి ఎప్పుడూ చూపించరు. ముసుగు కన్నాల్లో కనుపాపలు కూడా ఉండవు, ఉత్త తెలుపు. మొహమే లేని మనిషికి మొహం మారిందని ఎవరంటారు? తేడా అంతా అతని ప్రియురాలు డయానా మొహంలో బయటపడింది. మూర్ డయానా పక్కన బ్యారీ డయానాను పెడితే ఇద్దరు వేర్వేరు అమ్మాయిలు.

ఇదే ముసుగు సూత్రం స్పైడర్‌మ్యాన్‌కూ వర్తిస్తుంది గానీ, అక్కడ కథ వేరుగా నడిచింది. స్టీవ్ డిట్కో 38 సంచికలు గీసి 1966లో మానేశాడు. 39వ సంచిక నుంచి జాన్ రొమీటా. రెండు దశల్లోనూ మాటలు రాసింది స్టాన్ లీయే. రచయిత మారలేదు కదా, కథ అలాగే ఉండాలి. కానీ ఉండలేదు. అప్పట్లో ఆ కామిక్స్ వేసే మార్వెల్ సంస్థ పద్ధతిలో రచయిత కథను నాలుగు మాటల్లో చెప్పేవాడు, చిత్రకారుడు దాన్ని పేజీలుగా, గడులుగా విడగొట్టి గీసుకొచ్చేవాడు, మాటలు ఆ తర్వాత పడేవి. డిట్కో దశ చివర్లో అయితే కథాంశం కూడా ఆయనదే. 25వ సంచిక నుంచి ఆ మేరకు పేరు కూడా పడింది. అంటే డిట్కో వెళ్ళినప్పుడు పోయింది గీత ఒక్కటే అనుకుంటే పొరపాటు, సగం కథకుడు పోయాడు.

రొమీటా మొదట్లో డిట్కోలాగే గీయబోయాడు. డిట్కో ఎలాగూ తిరిగొస్తాడు, అందాకా పాఠకుడికి తేడా తెలియకుండా నెట్టుకొద్దాం అన్న ఉద్దేశంతో సన్నటి గీత, పేజీకి చిన్న చిన్న గడులు అచ్చం అలాగే పెట్టాడు. ఆ సంచికలు ఇప్పుడు తీసి చూస్తే ఇరుకు చొక్కాలో దూరిన మనిషిలా ఉంటాయి. ఆయన అంతకుముందు ప్రేమకథల కామిక్స్ గీసినవాడు. అమ్మాయిల మొహాలు, బట్టల మడతలు, నలుగురు కూర్చుని కబుర్లాడే సన్నివేశాలు ఆయన చేతికి అలవాటు. తిరిగి రాడని తెలిశాక ఆ చేతిని స్వేచ్ఛగా వదిలాడు. గడులు పెద్దవయ్యాయి. బక్కపలచగా, ముడుచుకుని, ఎప్పుడూ ఏదో దిగులుతో ఉండే పీటర్ పార్కర్ (ముసుగు తీసిన స్పైడర్‌మ్యాన్) భుజాలు విప్పుకుని అందగాడయ్యాడు. అంతకుముందు మొహం కనపడనివ్వకుండా దాచుకొచ్చిన మేరీ జేన్ అనే అమ్మాయి 42వ సంచిక ఆఖర్లో తలుపు దగ్గర నిలబడి మొదటిసారి మొహం చూపించింది. కథంతా మెల్లగా స్నేహితుల గుంపు చుట్టూ తిరగడం మొదలైంది. అమ్మకాలు తగ్గలేదు సరికదా పెరిగాయి. డిట్కో స్పైడర్‌మ్యాన్ గొప్పదని నమ్మేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ళ వాదనలో బలం ఉంది. ఒంటరితనాన్ని అంత బాగా గీసినవాడు మళ్ళీ రాలేదు. కానీ రొమీటాను డిట్కో నకలుగానే ఉంచి ఉంటే ఆ పత్రికకు డిట్కోవీ, రొమీటావీ రెండూ దక్కేవి కావు.

తేడా మరీ కొట్టొచ్చినట్టు కనపడకుండా ఉండడానికి తెలివైన పద్ధతి సిరా దిద్దేవారిని మార్చకపోవడం. మార్వెల్‌లోనే జాక్ కిర్బీ ఫెంటాస్టిక్ ఫోర్ అనే కామిక్ 102 సంచికలు గీసి 1970లో వెళ్ళిపోయాడు. తర్వాత రొమీటా, ఆ తర్వాత జాన్ బుసేమా. ఆ మార్పు ఉన్నంత మోటుగా అనిపించకపోవడానికి కారణం జో సినాట్. 44వ సంచిక నుంచి కిర్బీ పెన్సిల్ మీద సిరా చాలావరకు ఆయనదే, కిర్బీ వెళ్ళాక వచ్చినవాళ్ళ మీదా ఎక్కువగా ఆయనదే. అడుగున ఎముకలు వేరు, పైన చర్మం ఒకటే. మన దగ్గర పెన్సిలూ సిరా ఒకరే చేసే చోట కూడా దీన్ని వాడుకోవచ్చు. పాతవారి దగ్గర సిరా పనిలో ఉన్న సహాయకుడో, రంగులు వేసేవారో, అక్షరాలు రాసేవారో ఉంటే వాళ్ళను కనీసం మూడు నెలలు కదపకూడదు.

చెయ్యకూడని పని కూడా కిర్బీతోనే జరిగింది. ఆయన 1970లో మార్వెల్‌కు పోటీ సంస్థ డీసీకి వెళ్ళి, సూపర్‌మ్యాన్ స్నేహితుడు జిమ్మీ ఓల్సెన్ పత్రిక చేపట్టాడు. ఆయన గీసిన సూపర్‌మ్యాన్ మొహం తమ ఇంటి సూపర్‌మ్యాన్‌లా లేదని సంస్థవాళ్ళు ఆ మొహాల్ని అల్ ప్లాస్టినో చేత, తర్వాత మర్ఫీ ఆండర్సన్ చేత మళ్ళీ గీయించారు. ఆ పేజీలు చూసినవారికి తెలుస్తుంది. ఒళ్ళంతా కిర్బీ ఊపు, మొద్దు వేళ్ళు, బరువైన భుజాలు. మెడ పైన నున్నగా దువ్వుకున్న వేరే తలకాయ. గీత మందం మెడ దగ్గర తెగిపోతుంది. కొత్త చేతిని నమ్మి తెచ్చుకున్నాక తల ఒక్కటి మార్పించడమంటే ఆ బొమ్మను చేజేతులా పాడు చేసుకోవడమే.

అనుకరణ ఎక్కడా పనికిరాదని అనలేం. ఫ్రెంచి కామిక్ ఆస్టెరిక్స్‌కు 2013లో, మొదటి నుంచి గీసిన యుదెర్జో తర్వాత, దిదియె కొన్రాడ్ బొమ్మలు గీశాడు. పాఠకుడు తడబడలేదు. అయితే అక్కడి ఏర్పాటు వేరు. ఏళ్ళకొకసారి వచ్చే ఒక్క ఆల్బమ్ (పూర్తి కథ ఉన్న పుస్తకం), ముందే రాసి ఇచ్చిన కథ, దశాబ్దాలుగా స్థిరపడ్డ పాత్రలు. అంత ఉన్నా మొదట అనుకున్న వారసుడు, యుదెర్జో దగ్గర ఏళ్ళ తరబడి పనిచేసిన ఫ్రెడెరిక్ మెబార్కి, ఆ బరువు మొయ్యలేనని తప్పుకున్నాడు. దగ్గర కూర్చుని నేర్చుకున్నవాడికే అంత కష్టమైన పనిని, వారం వారం పేజీ ఇవ్వాల్సిన కుర్రాడి మీద పెట్టి అచ్చం అలాగే రావాలనడం న్యాయం కాదు. బెల్జియం కామిక్ టిన్‌టిన్ విషయంలో అయితే దాని సృష్టికర్త హెర్జే తన తర్వాత ఎవరూ కొనసాగించవద్దన్నాడు. 1983లో ఆయన పోయాక అధికారికంగా కొత్త ఆల్బమ్ ఎవరూ గీయలేదు. రాసేదీ గీసేదీ ఒక్కరే అయినప్పుడు అది కూడా ఒక గౌరవమైన దారే. మన తెలుగు బొమ్మల కథల్లో బుజ్జాయి గారి డుంబుని ఇంకొకరు గీస్తే అది డుంబు అవుతుందా?

మన భాషలో చేతి మార్పు గురించి మాట్లాడితే చందమామ గుర్తుకు రాకుండా ఉండదు. అది కామిక్స్ కాదు, బొమ్మలున్న కథలు. కథ భారం అక్షరాల మీదే ఉంటుంది. అయినా దాసరి సుబ్రహ్మణ్యం గారి జానపద సీరియళ్ళకు చిత్రా గారి రాక్షసులు, భేతాళ కథలకు శంకర్ గారు గీసిన భుజాన శవంతో నడిచే విక్రమార్కుడు అని ఏ కథకు ఆ చెయ్యి మనసులో అంటుకుపోయింది. ఒక్క పత్రికలో రెండు మూడు చేతులున్నా పాఠకుడికి గందరగోళం లేకపోవడానికి కారణం, ఒక రకం కథకు ఒక చెయ్యి అని చాలాకాలం నడిపించడమే.

హాస్యపు బొమ్మల్లో మార్పు మరింత కష్టం. వాస్తవంగా గీసిన వీరుడి ముక్కు అటూ ఇటూ అయినా వెలుతురు తేడా అనుకుంటాం. నాలుగైదు గీతల్లో పుట్టిన పాత్రకు ఆ నాలుగైదే ప్రాణం. ఒకటి కాస్త పక్కకు జరిగితే మనిషే మారిపోతాడు. పిల్లల పత్రిక టింకిల్‌లో అమాయకుడు సుప్పాండిని రామ్ వాయిర్కర్ గీసేవారు, ఆయన తర్వాత కూతురు అర్చనా అంబేర్కర్ అందుకున్నారు. ఇంట్లో చూస్తూ పెరిగిన చెయ్యి కాబట్టి ఆ నాలుగు గీతలూ నిలబడ్డాయి. అందరికీ ఆ వీలుండదు కనుక కాగితం మీద అప్పగింతలు జరగాలి.

ఆ అప్పగింతల్లో ఏముండాలి? మొదటిది మోడల్ షీట్. ప్రతి ముఖ్యపాత్రకూ ఎదుటి నుంచి, పక్క నుంచి, ముప్పావు వంతు తిరిగి, వెనక నుంచి నాలుగు బొమ్మలు. ఒళ్ళు ఎన్ని తలల ఎత్తో రాసి ఉండాలి. వీరుడు 8 తలలు, మామూలు మనిషి ఏడున్నర, పిల్లవాడు ఐదు అన్నట్టు. పాత్రలన్నీ ఒక గీత మీద పక్కపక్కన నిలబెట్టిన ఎత్తుల పట్టీ ఒకటి. ఇది లేకనే రెండో వారంలో స్నేహితుడు హీరో కన్నా పొడుగైపోతాడు. నవ్వు, కోపం, భయం, ఏడుపు మొహాలు పాత్రకు నాలుగు. ఇంతవరకు చాలామంది ఇస్తారు.

ఇవ్వనివి ఆ తర్వాతవి. ఎడమా కుడీ వివరాలు రాసి ఇవ్వాలి. ఫాంటమ్‌కు కుడిచేతి ఉంగరం పుర్రె గుర్తుది, ఎడమచేతిది మేలు గుర్తుది. కుడిచేత్తో గుద్దితే దుర్మార్గుడి దవడ మీద పుర్రె ముద్ర పడాలి. ఇప్పుడు కంప్యూటర్ మీద గీసేవాళ్ళు బొమ్మ సరిగా కుదిరిందో లేదో చూడడానికి అద్దంలోలా తిప్పి చూస్తారు. తిరిగి మామూలుగా పెట్టడం మరిచిపోతే ఆ గుద్దు ఎడమచేతిది అయిపోతుంది, దొంగ దవడ మీద మేలు గుర్తు పడాల్సి వస్తుంది. మచ్చలు, గడియారం, పాపిట, చీర పమిట ఏ భుజం మీద, బొత్తాలు ఏ వైపు, అన్నీ ఇలాంటివే.

పదే పదే వచ్చే చోట్లకు పై నుంచి చూసినట్టు నేల పటం కావాలి. ఇంట్లో తలుపెక్కడ, కిటికీ ఎక్కడ, మంచం ఎటు. ఈ పటం లేకపోతే ఒక గడిలో కుడివైపు నుంచి వచ్చిన మనిషి తర్వాతి గడిలో గోడలోంచి వచ్చినట్టుంటాడు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, ఎవరూ అడగనిది, పాతవారు చివరి రెండు మూడు కథలకు వేసుకున్న చిన్న చిత్తు పేజీలు. అగ్గిపెట్టె అంత గడుల్లో కథను ఎలా నడిపించారో వాటిలో కనిపిస్తుంది. పేజీకి సగటున ఎన్ని గడులు, పెద్ద గడి ఎప్పుడు వాడతారు, పేజీ ఆఖరి గడిలో ఏం ఆపి ఉంచుతారు, మాటల్లేని గడి ఎంత తరచుగా వస్తుంది, ఇవి కొత్తవారికి తెలిస్తే చాలు. గీత వాళ్ళ సొంతానిదే పెట్టుకోవచ్చు. పాఠకుడు కొత్త గీతకు నాలుగైదు వారాల్లో అలవాటు పడతాడు. తప్పిన నడకకు మాత్రం అలవాటు పడడు, చదవడం మానేస్తాడు.

సామాను సంగతి కూడా రాసి ఇవ్వాలి. అమెరికాలో చాలాకాలంగా కామిక్ పేజీ అసలు బొమ్మను 10 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల ఎత్తులో గీసి, అచ్చులో దాదాపు 60 శాతానికి తగ్గిస్తారు. అంతకుముందు ఇంకా పెద్దదిగా, 12.5కి 18.5 అంగుళాల్లో గీసేవారు. 0.3 మిల్లీమీటర్ల గీత అరవై శాతానికి తగ్గితే 0.18 అవుతుంది. ఆర్ట్ పేపర్ మీద బాగుంటుంది, న్యూస్‌ప్రింట్ మీద తెగుతుంది. దగ్గర దగ్గరగా వేసిన సన్నగీతలు సిరా పీల్చుకుని నల్లముద్ద అవుతాయి. పాతవారు పెద్ద కాగితం మీద బ్రష్షుతో, కొత్తవారు ఏ4 మీద సన్న పాళీతో గీస్తే, ఇద్దరూ ఎంత బాగా గీసినా, అచ్చులో ఒకటి నిండుగా ఒకటి పీలగా వస్తుంది. అసలు కాగితం సైజు, అందులో పనికొచ్చే అతి సన్న గీత, వాడిన పాళీ లేక బ్రష్షు నంబరు ఒక చీటీ మీద ఉంటే ఈ గొడవ ఉండదు.

తెలుగుకు ప్రత్యేకంగా ఒకటుంది. ఇంగ్లీషు కామిక్స్‌లో అక్షరాలన్నీ పెద్దబడిలో ఉంటాయి, కిందికీ పైకీ ఏమీ పొడుచుకు రావు, వరసలు దగ్గర దగ్గరగా పేర్చవచ్చు. మనకు పైన గుడి, కింద వత్తు. రాష్ట్రం, స్త్రీ లాంటి మాట పడితే కింది వరస దాకా దిగుతుంది. అందుకే నాలుగు ఇంగ్లీషు వరసలు పట్టే బెలూన్‌లో (పాత్ర మాటలు రాసే బుడగలో) సాధారణంగా తెలుగు మూడు వరసలే పడతాయి. విదేశీ కామిక్స్ చూసి నేర్చుకున్న కొత్త చిత్రకారులు తల మీద అంగుళం చోటు కూడా వదలరు. అక్షరాలు పెట్టేవారు చోటు లేక చేతుల మీదా, ఒక్కోసారి మొహం మీదా బెలూన్ పెట్టాల్సి వస్తుంది. గడిలో పై మూడోవంతు ఖాళీ ఉంచమని, ముందు మాట్లాడేవారిని ఎడమవైపు నిలబెట్టమని మొదటి రోజే చెప్పాలి. కుడివైపు మనిషి ముందు మాట్లాడితే బెలూన్ తోకలు ఒకదాన్నొకటి దాటుకుంటాయి, జవాబు ముందూ ప్రశ్న తర్వాతా చదువుతాం.

ఇక ఎప్పుడు మార్చాలన్నది. కథ మధ్యలో వద్దు. నెలవారీ కామిక్ అంటే 20 నుంచి 22 పేజీలు. పెన్సిల్ పని రోజుకు పేజీ చొప్పున వేసుకున్నా నెలలో పనిదినాలన్నీ దానికే సరిపోతాయి. చిత్రకారుడికి వారం జ్వరం వస్తే ఆ నెల సంచిక గండంలో పడ్డట్టే. అలాంటప్పుడు అరగంటలో ఎవరినో పట్టుకొచ్చి ఆఖరి ఏడు పేజీలు గీయిస్తారు, పతాక సన్నివేశం వేరే మనుషులతో జరుగుతుంది. దీనికి విరుగుడు పాతదే. ప్రధాన కథతో సంబంధం లేని విడికథ ఒకటి, కొత్తవారి చేత తీరిగ్గా గీయించి సొరుగులో ఉంచుకోవాలి. అవసరమైనప్పుడు అది వేస్తారు, పాఠకుడు కూడా కొత్త చేతిని ముందే ఒకసారి చూసినట్టవుతుంది. మార్పునే పద్ధతిగా పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. 1989 నుంచి 1996 వరకు 75 సంచికలు వచ్చిన శాండ్‌మ్యాన్ అనే ఇంగ్లీషు కామిక్‌లో ఒక్కో కథకు ఒక్కో చిత్రకారుడు గీశాడు. ముఖచిత్రాలు మాత్రం మొదటి నుంచి చివరి దాకా డేవ్ మెకీన్‌వే. ఇల్లు అదే, అతిథి మారాడని పాఠకుడికి అట్ట చూడగానే తెలిసేది.

మన పత్రికలను అడిగేది రెండు. వెళ్ళేవారూ వచ్చేవారూ కలిసి పనిచేసేలా రెండు వారాలు ఇద్దరికీ డబ్బివ్వండి. పైన చెప్పిన చిత్తు పేజీలు, పటాలు ఆ రెండు వారాల్లోనే చేతులు మారతాయి, ఫోన్లో మారవు. రెండోది, చిత్రకారుడి పేరు వెయ్యండి, మారిన వారం మారినట్టు ఒక వాక్యం రాయండి. చాలా పిల్లల పేజీల్లో రచయిత పేరు ఉంటుంది, గీసినవారి పేరు ఉండదు. పేరే తెలియని మనిషి వెళ్ళిపోతే పాఠకుడికి కనిపించేది మొహం మారడం ఒక్కటే, అందుకే ఆ ఒక్కదాని మీదే ఫిర్యాదు చేస్తాడు. ఆఖరి గడి అడుగున కుడి మూల అర అంగుళం చోటు చాలు.

ఇట్లు,
బొమ్మల కథల పని తెలిసిన ఒక పాఠకుడు,
విజయవాడ